ఎడమ చెయ్యి

బ్లఫ్ రేవులో ఆల్చిప్పలు విప్పడం నా పని.
మార్చి నుంచి ఆగస్టు దాకా, నిలబడే.
కత్తి మొన ఎక్కడ ఆనించాలో వేలికి తెలుసు,
కొంచెం తిప్పితే చాలు, ఎంత మొండిదైనా నోరు తెరుస్తుంది.
ముప్ఫై ఒక్క సీజన్లలో ఒక్క ముత్యం దొరకలేదు.
ముత్యాల్లాంటి పళ్ళంటారే, అవీ లేవు నాకు.

నా నోరు మాత్రం ఎవరూ విప్పలేదు
పంతొమ్మిదేళ్ళు.

లవంగ నూనె. ఉప్పు నీళ్ళు. ఒక్క దవడతో నమలడం.
ఆపిల్‌ని కాగితమంత పల్చగా కోసుకోవడం.
నవ్వొస్తే చెయ్యి దానంతటదే లేచి మూతికి అడ్డం వచ్చేది,
షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు
ఈవిడకెంత సిగ్గో అనుకునేవాళ్ళు.

మా బడి వెనక చిన్న తెల్ల గది ఉండేది.
'హత్యల కొంప' అనేవాళ్ళం పిల్లలందరం.
తరగతి తలుపు కొంచెమే తీసి ఒక పేరు పిలిచేది నర్సు.
డెస్మండ్ పేరు వస్తే
మిగతా ఇరవై ఏడుగురం ఊపిరి వదిలేవాళ్ళం,
సిగ్గులేని ఊపిరి.

ఒకరోజు, "నోలీన్."

కుట్టుమిషనులా కాలితో తొక్కే డ్రిల్లు.
నర్సు మోకాలు పైకీ కిందికీ,
ఆ మోకాలి లయలోనే నొప్పి.
"అయిపోయింది, అయిపోయింది" అనేది.
అయిపోయేది కాదు.
చెయ్యెత్తాను.
పట్టుకుని కిందికి దించేసింది.
వెళ్ళేటప్పుడు అదే చేతిలో పెట్టింది
దూదితో చేసిన తేనెటీగని, గాజుగుడ్డ రెక్కలతో.
ఆ ఈగని ఏం చేశానో గుర్తు లేదు.
రొద మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఈ ఏప్రిల్‌లో దవడ వాచింది.
పంటి బిగువున ఓర్చుకోవాలంటారు పెద్దలు.
బిగించడానికి పళ్ళుండాలిగా.

ఇన్వర్‌కార్గిల్ క్లినిక్ దాకా వెళ్ళి, మొదటిసారి కారు దిగలేదు.
రెండోసారి దిగాను, తలుపు పిడి పట్టుకున్నాను,
తిరిగొచ్చి చేపా చిప్సూ కొనుక్కుని
మెత్తటి చేప నేను తిని
చిప్స్ సముద్రపు కాకులకు వేశాను.
మూడోసారి వాన, గొడుగు లేదు.
లోపలికెళ్ళింది ధైర్యంతో అని చెప్పుకోను.

డాక్టరు పేరు లోసా. సమోవా వాళ్ళమ్మాయి,
మణికట్టు మీద పచ్చబొట్టు.
తిడుతుందని జవాబులన్నీ కారులోనే వల్లెవేసుకున్నాను.
ఇన్నాళ్ళేం చేశారని అడగలేదు.
"ఏది ముందు చూడమంటారు?" అంది.
నా నోటి సంగతి నన్నే అడిగింది!
తర్వాత, "ఎడమ చెయ్యెత్తితే ఆపేస్తాను."

మొదలుపెట్టగానే ఎత్తాను.
నొప్పేమీ లేదు.
రొద ఆగింది.
మళ్ళీ ఎత్తాను. ఆగింది.
మూడోసారి కూడా.
మాస్కు పైన కళ్ళు నవ్వాయి:
"నాకు పరీక్ష పెడుతున్నారా?"
నోట్లో గొట్టమున్న మనిషి అబద్ధం ఎలా ఆడుతుంది,
తలూపాను.
"పెట్టండి" అంది,
కిటికీలో వాన చూస్తూ కూర్చుంది,
నేను చెయ్యి దించేదాకా.

అరవై ఏళ్ళ కింద ఎత్తిన చెయ్యి అది.

నాలుగోసారి నిజంగానే కలుక్కుమంది.
చెయ్యి ఒళ్ళోనే ఉంది.

రెండు పళ్ళు పోయాయి. స్టీలు పళ్ళెంలో చూపించింది.
ఇంతంత గింజలు!
వీటికా నేను పెళ్ళిళ్ళ ఫొటోల్లో వెనక వరసకి పోయింది?
బిల్లు మాత్రం గింజంత కాదు,
వారం వారం కడుతున్నాను, ఇంకా తొమ్మిది వాయిదాలు.
నాలుక ఆ ఖాళీలోకి మాటిమాటికీ వెళ్ళొస్తోంది,
అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన గది చూసుకున్నట్టు.

సోమవారం షెడ్డులో హేమీ పాత కథే ఎత్తుకున్నాడు,
వాళ్ళ మామ, పడవ, పందెం కట్టిన పంది.
నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి లేచింది, అలవాటు.
గ్లవుజు నుంచి ఉప్పునీళ్ళు కారుతూ
సగం దారిలో నిలబడింది.
ఆపమంటున్నాననుకుని
హేమీ నిజంగానే కథ ఆపేశాడు.

కానియ్, అన్నాను,
పంది ఇంకా నీళ్ళలోనే ఉంది.