ఆ ఏడు గోనెలు చేసినోణ్ణి

ఫస్లీ పదమూడు వందల ఇరవై ఏడు.
దీపావళి అమాస పోంగనే
కల్లు గుత్తెదారు మైసయ్య సేటు
తొమ్మిది మందిని కూడగట్టి జీతం కట్టిండు.
నెలకు ఆరు హాలీ రూపాయలు, పూటకో సీస కల్లు,
తలకు ఎర్ర రుమాలు.
ఎందుకంటరా?
చిర్రగోనె ఆడనీకి.

నాగర్‌కర్నూలంత నవ్వింది.
మీసాలొచ్చినోళ్ళు పోరగాళ్ళ ఆట ఆడి
ఇల్లు నడుపుతరట!
మా ఆమె గూడ నవ్వింది.
నాకు నాలుగు రూపాయలు:
గోనెలు చెక్కాలె, చిర్రలకు మొనలు తియ్యాలె,
బండెనక నడువాలె.

కురుమూర్తి జాతరల ఓడినం.
అమరచింతల ఓడినం.
మక్తల్‌ల పొద్దుగాలనే తాగి కూసున్నరు,
దాపెట్టేదేముంది, అక్కడ గూడ ఓడినం.
ఆత్మకూరుల మశన్న చేతికి గోనె వచ్చింది.

మశన్న రాళ్ళు కొట్టేటోడు.
చిర్ర గుంటల నుంచి లేస్తె దాని దిక్కు చూడడు,
చప్పుడు ఇంటడు.
కొట్టిండంటె అది మబ్బుల పడి,
కిందికి రావాలన్న సంగతి మర్చిపోయి,
మళ్ళ యాదికొచ్చి దిగేది.
ఆ దినం నూటా ముప్పై గోనెలు.
కొలిసేటోని నడుం పట్టింది.

ఆ తర్వాత మమ్ములను ఆపినోడు లేడు.
కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తి,
పుట్టిల కృష్ణ దాటి గద్వాల.
నడి ఏట్ల పుట్టి గిర్రున తిరుగుతుంటె
లాల్‌మియా గోనెల మోపును
పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని
కండ్లు మూసుకున్నడు.
వరుసబెట్టి పదకొండు గెలుపులు.
ఊళ్ళల్ల ఆడోళ్ళు గూడ అరుగుల మీదికొచ్చి
మా రుమాళ్ళు చూసి పేర్లు చెప్పేటోళ్ళు.

పెబ్బేరు సంతల ఊశన్న కంట్ల చిర్ర పడ్డది.
నేను తీసిన మొన.
సేటు ఆ నెల జీతం సగం కోసిండు,
"కండ్లల్ల సగమే కద పోయింది" అని.
ఆ రాత్రి ఎనిమిది మంది తలా ఎనిమిదణాలు
ఊశన్న రుమాలు కొంగున ముడేసిండ్రు.
నేను పావలా ఏసిన.

మాఘ పున్నం. మన్నెంకొండ కింద ఆఖరి పందెం.
ముందటి రాత్రి సేటు నా గుడిసెకొచ్చి
దీపం ఒత్తి తగ్గించిండు.
అవతలోళ్ళ మీద ఆయనే పైకం కట్టిండట.
"మశన్న గోనె నువ్వే కద చేసేది" అన్నడు.
ఇరవై రూపాయలు చాప మీద పెట్టిండు.
ఇంకేం అనలే.

తుమ్మ మొద్దుల నడుమ చేవ ఉంటది, ఎర్రగ, ఇనుము లెక్క.
దాని చుట్టు తెల్లచెక్క.
నలభై ఏండ్లు మా నాయిన నేర్పింది ఒకటే,
తెల్లచెక్క తీసి పారెయ్యి, చేవ ఉంచు.
ఆ రాత్రి చేవ తీసి పారేసిన.
మిగిలినదానికి ఆముదం, ఎర్రమన్ను, దీపం మసి పట్టించి
తెల్లారేదాంక రుద్దిన.
అంత నున్నటి గోనె మళ్ళెన్నడు చెయ్యలే.

మూడో దెబ్బకు ఇరిగింది.
చిర్ర పక్కకు పోయి ఎవనికో దొరికింది.
జాతరంత కూత పెట్టింది.
మశన్న ఇరిగిన కాడ బొటనవేలితో రాసి చూసిండు.
తెల్లగ.
తర్వాత నా దిక్కు చూసిండు.
దగ్గరకొచ్చి రెండు ముక్కలు నా చేతుల పెట్టి
"పొయ్యిలకు పనికొస్తయి ఆచారీ" అన్నడు.
గంతే. ఎవ్వరికీ చెప్పలే.

పై ఏడు దగ్గుజ్వరమొచ్చింది.
తొమ్మిది మందిల నలుగురు పోయిండ్రు.
మశన్న మొదలు పోయిండు, లాల్‌మియా వారానికి.
సేటు గుత్త ఇంకెవరో పాడిండ్రు.
ఊశన్న ఒంటి కన్నుతోని సంతల ఉప్పు అమ్ముతడు,
నన్ను చూస్తె ఒక పిడికెడు ఎక్కువేస్తడు.

ఒక ముక్క పొయ్యిల పెట్టిన.
ఇంకోటి అటక మీద ఉంది.
తెల్లచెక్క కద,
రెండు వానాకాలాలకు పురుగు తినాలె,
పిండి పిండి కావాలె.
ఇరవై ఏండ్లాయె.
ఏటేట నిచ్చెనేసి ఎక్కి, గోటితోని కొట్టి చూస్త.
పురుగు గూడ ముట్టలే.