కడబంతి

ఉలాన్‌బాతర్‌కు పడమటగా నలభై కిలోమీటర్లు,
నాదమ్ గుర్రప్పందేల మైదానం.
ఏడాదిలో మిగతా రోజులన్నీ
ఇక్కడ గడ్డి, గాలి, అప్పుడప్పుడూ ఒక గద్ద.
మా కవరేజీ మ్యాపులో ఈ చోటికి రంగు లేదు.

జూలై పది, తెల్లారగట్ల
లారీ మీద టవర్ని మోసుకొచ్చాం
నేనూ, డ్రైవర్ గన్‌సుఖ్,
దారంతా దగ్గుతూ వచ్చిన ఒక డీజిల్ జనరేటరూ.
మడిచిన గొడుగులా పడుకున్న స్తంభాన్ని
మెల్లమెల్లగా పైకి లేపుతుంటే
పక్క గుడారంలోంచి ఒక ముసలాయన వచ్చి
"దీన్ని దేనికి కట్టేస్తారు?" అనడిగాడు.
"అదిగో, ఆ కొండ మీది డిష్షుకి" అన్నాను.
కొండ వైపు చూశాడు, తాడు కోసం వెతికాడు,
నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు తొమ్మిదికల్లా ఇసుకేస్తే రాలని జనం.
పోయినేడు ఫోటోలు పంపుకున్నారు,
ఈ ఏడు ప్రతి చేతిలోనూ ప్రత్యక్ష ప్రసారం.
అదే దుమ్ము, అదే గుర్రం
లక్ష కిటికీల్లోంచి ఒకేసారి ఆకాశమెక్కాలి.
నా తెర మీద పచ్చ పసుపయింది, పసుపు ఎరుపయింది.
ఎరుపు తర్వాత ఏ రంగో
ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళు ఆలోచించలేదు.

వంట అంతే ఉంది, విస్తళ్ళు పెరిగాయి.
ఒక పెద్ద సెల్లుని కోసి మూడు చేశాం, మూడుని తొమ్మిది.
యాంటెన్నాల మెడ రెండు డిగ్రీలు వంచాం,
దిక్కులు చూడ్డం మాని కాళ్ళ దగ్గరి వాళ్ళని చూడమని.
హుషూర్లు వేయించే బళ్ళ వరుసకి వైఫై పెట్టి
ఆకలితో నిలబడ్డవాళ్ళ డేటాని అటు మళ్ళించాం.
పాత త్రీజీ కింద ఉన్న స్పెక్ట్రమ్‌లోంచి
ఒక ముక్క కోసి కొత్తదానికి అతికించాం,
దాని మీద బతికే ఫోన్లకి మాట మాత్రం చెప్పకుండా.
అప్పటికీ చాల్లేదు.
ఆఫీసు నుంచి బోల్దోమా: "వీడియో పలచన చెయ్యి."
చేశాను. పులుసులో నీళ్ళు పోసినట్టు.
జూలేదో దుమ్మేదో తెలీకుండా కరిగిపోయాయి గుర్రాలు.
ఎవరూ గమనించలేదు.
మా వృత్తిలో బిరుదంటే అదే.

పెద్దల గ్యాలరీకి మాత్రం విడిగా ఒక సెక్టారు,
నిండు గరిటెతో.
వడ్డించేవాడు మనవాడైతే కడబంతయినా ఫరవాలేదంటారు.
వడ్డించేదాన్ని నేనే.
కడబంతికి ఏం మిగులుతుందో నాకు తెలుసు.
క్యూ నిండితే ప్యాకెట్లు రాలిపోతాయి,
ఎన్ని రాలాయో అంకె వస్తుంది,
ఏవి రాలాయో రాదు.

చివరి పందెం రెండేళ్ళ గుర్రాలది.
మొదటిది గీత దాటినప్పుడు గ్రాఫు నిట్టనిలువుగా లేచింది,
ఐదోది దాటాక జారడం మొదలు.
ఆఖరిది వచ్చేసరికి అందరి వీపులూ కార్ల వైపు.
మాలో ఒక ఆచారం ఉంది:
వీటిలో ఆఖరున వచ్చినదాన్ని నిలబెట్టి పాడతారు,
తప్పు దానిది కాదని,
వచ్చే ఏడు దానిదేనని.

తొమ్మిదింటికి మూసేసి నగరానికి రమ్మన్నారు,
చౌకులో కచేరీ, అక్కడా ఎరుపెక్కుతోందట.
గన్‌సుఖ్ తాళాలు గలగలలాడిస్తున్నాడు.
లారీ మెట్టు దగ్గర ఒక అమ్మాయి, పేరు సరన్‌తుయా,
ఆఖరి గుర్రం మీది బుడతడికి అక్క.
పాటంతా తీసింది, రెండు నిమిషాల నలభై సెకన్లు.
పదమూడు శాతం దగ్గర ఆగిపోయింది.
ఫోను తిప్పి చూశాను.
త్రీజీ.

ఏమీ అనలేదు నేను.
లోపలికెళ్ళి కోసిన ముక్కని తిరిగి అతికించాను,
పులుసులో పోసిన నీళ్ళు వంచేశాను.
పద్నాలుగు. పంతొమ్మిది. జనరేటరు దగ్గు.
ముప్ఫై ఒకటి దగ్గర గన్‌సుఖ్ సిగరెట్టు వెలిగించాడు,
డెబ్భై దగ్గర మరొకటి.
అమ్మాయి మెట్టు మీద కూర్చుని
తమ్ముడి బూటులోంచి గులకరాళ్ళు దులుపుతోంది.

స్తంభం దించేసరికి పదింబావు.
ఆలస్యానికి కారణం అని లాగ్‌లో ఒక గడి ఉంటుంది.
గాలి, అని రాశాను.
ఆ రాత్రి గడ్డిపోచ కూడా కదల్లేదు.