ఊఁ కొట్టే బాతు

మెడ ఎడమవైపు మాత్రమే నిద్రపోయింది.
మిగతా దొన్యా ఎదువీహిస్ మొత్తం మేలుకునే ఉంది,
పచ్చగుడ్డ గుడారం కింద,
ముక్కు దురద పెడుతోందని నాకు ఫిర్యాదు చేస్తూ.
గోకాను.
ఆపరేషన్ గదిలో నా ఉద్యోగం అలాంటిదే:
ముక్కు గోకడం, మాట కలపడం,
మాట ఆగితే వినడం.

నుదుటి మీద రెండు పట్టీలు
ఎముకలోంచి లోపలికి ఎర్రటి వెలుగు పంపి
ఎంత ప్రాణవాయువు మిగిలిందో లెక్క అడుగుతాయి.
ఎడమ అరవై ఆరు. కుడి అరవై ఎనిమిది.
కణతకి ఆనించిన ఇంకో యంత్రం
నెత్తుటి నడకని చప్పుడు చేసి వినిపిస్తుంది:
హుష్, హుష్, తడి గోనెసంచి ఈడుస్తున్నట్టు.
కుడిచేతిలో మాత్రం పసుపుపచ్చ రబ్బరు బాతు.
మత్తు డాక్టరు కురీన్ గారి చిన్నకూతురిది,
ఒక కన్ను ఆ పిల్లే కొరికేసింది.
నొక్కితే కీచుమంటుంది.
కథ చెప్పేవాళ్లుంటే ఊఁ కొట్టేవాళ్లుండాలి కదా,
ఎడమ మెదడు చెబుతుంది,
కుడిచెయ్యి ఊఁ కొడుతుంది.

ఆమెకి ఇదేం వింత కాదు.
ముప్పై ఒక్క ఏళ్లు వాల్పరైసోలో
కొండెక్కే పెట్టెబండి దగ్గర టికెట్లు చింపింది.
"ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఇది దిగితేనే అది ఎక్కుతుంది.
నా తలా అంతేనా?"
దాదాపు అంతే, అన్నాను.
"మధ్యలో బిగించి ఆపేస్తారటగా?"
కాసేపు. అవతలి పక్కనుంచి
దొడ్డిదారిన నెత్తురొస్తుందేమో చూస్తాం.
"రాకపోతే?"
బాతు చెబుతుంది.

డాక్టర్ ఒయార్సూన్ చెయ్యి చాచాడు.
క్లిప్పు పడింది. గడియారం మొదలు. నాళం తెరిచాడు.
హుష్ సన్నబడింది.
కొండల పేర్లు చెప్పండి దొన్యా, మీ వరసలో.
"బరోన్." కీచు.
"ప్లసేరెస్. అక్కడ మా అక్క ఇల్లు,
ఊళ్లో సముద్రం కనబడని కిటికీ వాళ్లదొక్కటే." కీచు.
"మోన్హాస్." కీచు.
తెర మీద అరవై రెండు.
పర్లేదు, అంది తెర.
అరవై ఒకటి.
ఇంకా పర్లేదు.
రెండు నిమిషాల పది సెకన్లు.
"మ" అంది.
పెదాలు కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి.
నొక్కండి, దొన్యా.
ఆమె నావైపే చూస్తోంది, మర్యాదగా,
చిల్లర ఇచ్చేసి
వెనకాల మనిషి కోసం చూస్తున్నట్టు.
బాతు వేళ్లలోంచి జారి
గుడ్డ మీద పక్కకి ఒరిగింది, కొరికేసిన కన్ను పైకి.
యంత్రాలేవీ అరవలేదు.
నేనే అరిచాను: ఊఁ లేదు!

కురీన్ గారు మందు తోసి రక్తపోటు పెంచింది.
ఒయార్సూన్ తల ఎత్తకుండానే గొట్టం అడిగాడు,
పెన్ను రీఫిల్ కంటే కాస్త లావు,
తెరిచిన దారికి అటో కొస, ఇటో కొస.
ఆ మూడు నిమిషాలు నువ్వేం చేశావంటే
ఆమె బొటనవేలు పట్టుకుని నిలబడ్డాను. అంతే.
మా పాఠాల్లో అది లేదు.

ముందు హుష్ వచ్చింది,
తర్వాత ఆ వేలు నా వేలిని నొక్కింది,
తర్వాతే నోరు.
"మరిపోసాస్!" అంది. సీతాకోకచిలుకల కొండ.
"వినబడట్లేదా? ఎన్నిసార్లు చెప్పాలి?
మరిపోసాస్, కోర్దియేరా, పొలాంకో,
అన్నీ చెప్పేశానుగా.
నువ్వే ఎక్కడికో పోయావు."

నేనే పోయాను, అన్నాను.
మేమెవరం లేని చోట
ఆ కొండలన్నీ ఆమె నిజంగా
ఎక్కి దిగొచ్చిందేమో, ఎవరికి తెలుసు.

సాయంత్రం బాతుని స్పిరిట్‌తో తుడిచి
డబ్బాలో పెట్టి ఇంటికి బయల్దేరాను.
పెట్టెబండిలో సగం దారిలో
దిగే పెట్టె మమ్మల్ని దాటిపోయింది,
అద్దం వెనక ఒక ముసలాయన నారింజ ఒలుస్తున్నాడు.
మరిపోసాస్, అన్నాను పైకే, నన్ను నేను పరీక్షించుకుంటూ.
ఎవరూ ఊఁ కొట్టలేదు.
ఎదురుగా కూర్చున్న పిల్లాడు మాత్రం
నావైపు చూసి
ముక్కు గోక్కున్నాడు.