ఏ క్లాసు?

"ఏ క్లాసు?" అన్నడు కెప్టెన్ ఉబైద్, ఫారం మీద పెన్ను ఆపి.
"ఏడు. అదీ తప్పిన" అన్న.
నవ్విండు ముసలాయన, పళ్లసందుల ఖర్జూరం పీచు కనబడేటట్టు.
"బడి కాదు దర్జీ, పడవ.
ఏ క్లాసు పడవతోని పందెంల దిగుతవ్?"

శుక్రవారం పొద్దుగాల, రస్ అల్ ఖైమా క్రీకు ఒడ్డు.
గట్టు మీద వరుసగ నిలబెట్టిన్రు
మనుషులు ఎక్కని పడవలు.
మోకాలంత, నడుమంత, నా కన్న ఎత్తుగ ఒకటి.
రిమోటు మీద ఒక పుల్ల చుక్కానికి, ఒక పుల్ల తాడుకు.
ఇంజను లేదు. గాలే పెట్రోలు.

రూముకు పోయి టేపు తీసిన,
కందూరాల భుజాలు కొలిచే టేపే, ఎప్పుడూ మెడల ఉండేది.

అరవై అయిదు సెంటీమీటర్లది
నా ట్రంకుకూ ఎల్లయ్య బియ్యం సంచికీ నడుమ, మంచం కింద పడుతది.
చవక. ఒక నెల ఓవర్‌టైం చాలు.
కాని క్లబ్బు పట్టు ఒకటున్నది:
పెట్టెలకెల్లి ఎట్ల వస్తే అట్లనే తేలాలె,
చాప మార్చొద్దు, సూది తగలొద్దు.
సూది తగలొద్దన్న చోట నాకేం పని?

డాంటే దగ్గర అడుగు పొడుగుది ఉన్నది.
టిఫిన్ సంచిల పెట్టుకొని వస్తడు.
ఎట్లన్న కట్టుకో, ఏమన్న కుట్టుకో, అడిగేటోడు లేడు.
ఒక వారం మనసు అటే పోయింది.
అంతల చేపల లాంచి ఒకటి పక్కకెల్లి పోయింది.
దాని అలకు అడుగు పడవ మునిగి, తేలి, మునిగి,
మళ్ల తేలలేదు.
డాంటే దునికి తెచ్చుకున్నడు పాపం,
జేబుల ఫోను సంగతి మరిచి.

ఆ ఎత్తుదాని పేరు మార్బుల్‌హెడ్.
ధర విన్నంక దాని పక్కకెల్లి
బంగారం దుకాణం ముందట నడిచినట్టు నడిచిన,
తల తిప్పకుంట.

మిగిలింది వన్ మీటర్.
పొడుగు మీటరు దాటొద్దు, బరువు నాలుగు కిలోలకు తగ్గొద్దు.
చాపలు మూడు జతలు:
పెద్దది పొద్దటి పిల్లగాలికి,
చిన్నది షమాల్ ఇసుకతోని విరుచుకపడే రోజుకు,
నడిమిది ఎటూ తేలని రోజులకు.
అంచులు కొలతకు లొంగాలె.
కడుపు ఎంత నింపాల్నో కుట్టేటోని ఇష్టం.
ఆ ఒక్క మాటకు రాత్రంత నిద్ర లేదు.

చాప గుడ్డ తెచ్చి చూపిండు కెప్టెన్.
గుడ్డ కాదది, పొర.
వేళ్లతోని వెతికిన. పడుగు లేదు. పేక లేదు.
సిరిసిల్లల పదిహేనేండ్లు మగ్గం నడిపినోన్ని,
ఇక్కడ పదకొండేండ్లు మిషను తొక్కినోన్ని,
దారం లేని బట్టను తొలిసారి ముట్టిన.
కుట్టరట, అంటిస్తరట.
ముక్క అంచును జరంత వంపు కోసి అతికిస్తే
చాప దానంతట అదే పొట్ట తీస్తదట.
"గంతేనా? డాట్సు పెట్టినట్టే గద!" అన్న.
ఆయనకు డాట్సు తెల్వది, నాకు గాలి తెల్వది.
ఇద్దరం బిల్లు బుక్కు వెనుక గీసుకుంట కూసున్నం
అజా అయ్యేదాక.

పైసలకు చిట్టీ పాడిన,
ఏడో నెలల్నే, నాలుగు వందల దిర్హాంలు వదులుకొని.
"స్లాబ్ ఏస్తున్నవా? బోరు ఏస్తున్నవా?" అని రూమంత అడిగిన్రు.
"పడవ" అన్న.
ఎల్లయ్య చాయ గ్లాసు కింద పెట్టి
నా నొసలు ముట్టి చూసిండు.

పడవ వచ్చింది, పాతదే, ఎవలో దేశం పోతూ అమ్మింది.
కొయ్య నిలబెడితే పై మంచం అడ్డం.
దుకాణంలనే వేలాడదీసిన, నల్ల అబాయాల నడుమ.
ఏసీ ఏస్తే కదులుతది.
కొలతలకు వచ్చిన పిల్లగాళ్లు చేతులు పైకెత్తి
దాన్నే చూస్తరు, టేపు జారిపోతది.

ఫారంల క్లాసు అన్న గడి నింపిన.
వన్ మీటర్ అన్న రెండు మాటలల్ల రెండు తప్పులు.
కెప్టెన్ దిద్దలేదు.

మొదటి పందెం, తొమ్మిది పడవలల్ల తొమ్మిదోది నాది.
కడుపు ఎక్కువ పెట్టిన.
పొద్దటి గాలికి నిండు చూలాలి లెక్క
ఆగి ఆగి నడిచింది.
వచ్చే శుక్రవారంలోపల విప్పి, రెండు నూళ్లు తగ్గియ్యాలె.
నూళ్లు కాదు, మిల్లీమీటర్లు.
నోటికి ఇంకా అలవాటు కాలే.