పదకొండూ ఇరవై

ఆదివారం పదకొండూ ఇరవైకి
నా షాపు ముందు గొడుగులు ఆగుతాయి.
చీతమ్ హిల్ రోడ్డు దిగి, సందు తిరిగి,
పదిహేను, ఇరవై మంది
ఇటే చూస్తారు. నన్ను కాదు.

నేను జిప్పులు మారుస్తాను, ప్యాంట్లు పొట్టి చేస్తాను.
అద్దం మీద అదే రాసుంది, ధరలతో సహా.
వాళ్లు చూసేది దానికి పైన,
ఇటుకల మీద వెలిసిపోయిన తెల్లరంగు అక్షరాలు:
'వాటర్‌ప్రూఫ్' అనే మాటలో చివరి సగం.

నోర్మా ఆబెల్‌సన్ గొడుగు పట్టదు.
"రెయిన్‌కోట్లు కుట్టినవాళ్ల మనవరాలిని,
గొడుగేస్తే మా వంశం పరువేం కాను" అంటుంది ప్రతివారం.
ప్రతివారం నవ్వుతారు.
లోపల మిషన్ దగ్గర నేను
ఒక్క క్షణం ముందే నవ్వేస్తాను.

"ఈ పైగదిలోనే గుడ్డకి రబ్బరు జిగురు పూసేవారు.
ఆ ఘాటుకి తల తిరిగితే
వచ్చి మెట్ల మీద కూర్చునేవారు.
శుక్రవారం పొద్దుగూకేలోపు
చర్మం లేచేదాకా చేతులు తోముకునేవారు."

పైగది నాకు తెలుసు.
ఇప్పుడక్కడ పాత బిల్లు పుస్తకాలు, చెయ్యి విరిగిన బొమ్మ.
ఎండాకాలంలో, అంటే ఇక్కడ పది రోజులు,
నేలచెక్కల్లోంచి ఏదో వాసన లేస్తుంది.
నోర్మాకి చెప్తే నమ్మలేదు.
ఒకరోజు ఒక్కతే వచ్చి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి,
చాలాసేపు పీల్చి,
ఏమీ అనకుండా దిగిపోయింది.

గుమ్మం సంగతి అంతకుముందే.
"కాస్త నీ గుమ్మం చూపించనా?" అని అడిగింది.
కుడివైపు ద్వారబంధానికి, భుజమెత్తులో,
ఏటవాలుగా బెత్తెడు గాడి,
పైనొకటి కిందొకటి మేకు బొక్కలు,
ఎన్నో పొరల రంగు కింద.
పసుపు రాసినప్పుడల్లా నా వేలు అందులో దిగబడేది.
పాత కాలింగ్ బెల్లు అనుకున్నాను.

చిన్న డబ్బీ అట. లోపల చుట్టిన తోలు కాగితం, దాని మీద ప్రార్థన.
వస్తూ పోతూ తాకి
వేళ్లు ముద్దు పెట్టుకునేవారట,
మేం కళ్లకద్దుకున్నట్టు.
"మరి ఆ పసుపురంగేమిటి?" అన్నాడొకాయన.
"అది ఆమె వాళ్లది" అని నోర్మా
స్నానాల ఇల్లు చూపించడానికి తీసుకుపోయింది.
ఆ ఇల్లిప్పుడు కార్ పార్కింగు.

మార్చి నుంచి నోర్మా రాలేదు.
టోబీ అనే కుర్రాడు, చెంపకి మైకు.
పదకొండూ ఐదుకే వచ్చేశాడు.
"ఇక్కడొక చెప్పుల దుకాణం ఉండేది" అన్నాడు.
వెళ్లిపోయాడు.
మళ్లీ వారం కూడా చెప్పులే.

మూడో వారం
నోట్లో గుండుసూదులతోనే బయటికొచ్చేశాను.
మాట్లాడాలంటే అవి తియ్యాలి కదా.
ఒక్కొక్కటే తీసి కాలరుకి గుచ్చుకుంటుంటే
వానలో అందరూ ఆగారు.
"చెప్పులు కాదు బాబూ, కోట్లు."
పైన అక్షరాలు చూపించాను, జిగురు చెప్పాను, మెట్లు చెప్పాను.
శుక్రవారం దగ్గర నా ఇంగ్లీషు తడబడితే
చేతులు తోముకుని చూపించాను.

నోర్మా ఏదని అడిగాను.
మోకాళ్ల ఆపరేషన్ అన్నాడు టోబీ.
తర్వాత నోటుబుక్కులోకి చూశాడు.

"మీరు వాళ్ల మనిషా?" అందో అమ్మాయి.
"మాది చీరాల" అన్నాను.
అది ఎటువైపో ఎవరూ అడగలేదు.

గాడి చూపించాను.
ఆ అమ్మాయి వేలు పెట్టి చూసింది,
పై నుంచి కిందికి, నెమ్మదిగా.
ఉగాదికి రాసిన పసుపు ఇంకా లోపల మిగిలే ఉంది,
వేలికంటింది.
తుడుచుకోవచ్చో లేదో తెలీక
నా మొహం చూసింది.