గురువారం

ఒసాకాలో ఇరవై మూడో అంతస్తు.
బూడిదరంగు కాంక్రీటు గోడలో గూడు,
గూట్లో దీపం, దిష్టిచుక్కలా నల్ల గిన్నె.

సారె ఎరగని మట్టి.
ఎవరివో రెండు అరచేతుల మధ్య పెరిగింది,
ఎర్రగా కాలుతుండగానే పట్టకారుకి చిక్కింది.
బొటనవేలి గుంట ఇంకా ఉంది,
గోడవైపు.

ముట్టుకోవద్దని ఎవరూ అనరు.
ఆ వెలుతురే అంటుంది.

గురువారాలు తుడవడానికొచ్చే చిగుసా
కిటికీలయ్యాక, తలుపు గడియ మరోసారి చూసి
గిన్నెలో వేడినీళ్లు పోసుకుంది.
ఆకూ లేదు, పొడీ లేదు. ఉత్త నీళ్లు.
గుంటలో ఆమె వేలు మొదట పట్టలేదు;
గిన్నెని కాస్త తిప్పితే పట్టింది.

తుడిచి పెట్టేసి వెళ్లింది.

మర్నాడు ఫొటోల కోసం వచ్చిన డిజైనర్ ఇగరాషి
టేపు పెట్టి కొలిచాడు:
అంగుళం పక్కకి, గుంట గదివైపు.
సరిచెయ్యబోయిన చెయ్యి ఆగింది.
అడుగు ఇంకా చెమ్మగానే ఉంది.