గద పైనే

పెనుమూరు పక్కన భారతం మిట్ట. ఆఖరి పగలు.
నా నడుముకు కట్టిన డబ్బాలో
హార్డ్ డిస్కు గిరగిరా తిరగతా ఉంది,
పొదుగుతున్న కోడి మాదిరి వెచ్చగా.

పద్దెనిమిది రాత్రులూ అందులోనే ఉన్నాయి:
ద్రౌపది వేసిన గంగులప్ప
కొప్పు సర్దుకుంటా బీడీకి పోవడం,
తపస్సు మాను మీదినుంచి అర్జునుడు విసిరిన నిమ్మకాయ
నా మైకుకు తగిలిన చప్పుడు,
జనరేటరు ఆగిన ఏడు నిమిషాలు.
చీకటికీ వెలుగంత చోటు కావాలని
అప్పుడే తెలిసింది నాకు.

మట్టి దుర్యోధనుడు మిట్టంతా పరుచుకోని పడుకున్నాడు.
వాడి రొమ్ము మీద ఎగిరెగిరి
చెంగల్రాయుడు తొడ చరిచాడు.
భీముడు గద ఎత్తాడు.
జనం మీదికొచ్చేశారు, పిడికెడు మట్టికోసం.
ఎవరి మోకాలో డబ్బాకు తగిలింది.
కిటుక్.
అంతే.

టీకొట్టు బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిస్తే
గద పైనే ఉంది.
ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా
అక్కడికొచ్చి నిలబడిపోతుంది,
కింద ఒక ముసలామె నోరు తెరుచుకోని.

ఏం చెప్పాలో తెలీక గ్లాసు కేసి చూస్తా కూచున్నా.
రంగు సగం కడిగిన మొకంతో
చెంగల్రాయుడు వంగి చూశాడు, చానాసేపు.

"ముప్పై ఏండ్లుగా చస్తానే ఉండా నాయనా.
దాన్ని బాగు చేయించొద్దు."